పూర్తికాని అప్రెంటిస్‌షిప్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను సర్ హెన్రీ రాయిస్ పేరు చెప్పాను. మిత్రులు కొందరు నవ్వారు. పింఛను మీద బతికేవాళ్ళకు రోల్స్ రాయిస్ కారుతో ఏమి పని అని వారి భావం. కారుతో నాకూ పని లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను మనవడికి చూపించడానికి వెళ్ళినప్పుడు తప్ప ఆ బండి దగ్గర నేను నిలబడింది లేదు. దానిని తెప్పించినది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. ఆయన 1911లోనే కాలం చేశారు గనుక ఎక్కే యోగం లేకపోయింది. నాకు పని ఉన్నది ఆ కారుకు తన పేరిచ్చిన మనిషి కుర్రతనంతో.

రాయిస్ 1863 మార్చి 27న ఇంగ్లండులో పీటర్‌బరో పట్టణం దగ్గర ఆల్వాల్టన్ అనే పల్లెలో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో చివరివాడు. తండ్రి పిండిమర నడిపేవాడు. వ్యాపారం దెబ్బతిని, బతుకుతెరువు కోసం లండను చేరి, 1872లో అక్కడి అనాథ శరణాలయంలో పోయాడు. అప్పటికి పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. రైల్వే స్టేషన్లో పేపర్లు అమ్మాడు. తరువాత మేఫెయిర్ ప్రాంతంలో టెలిగ్రాములు పంచాడు. అది జమీందారులు, ప్రభువులు ఉండే పేట. ముందు ముందు ఇతని పేరుకు ముందు చేరబోయే చార్లెస్ రోల్స్ ఆ పేటలోనే 1877లో ఒక ప్రభువు ఇంట పుట్టాడు. రాయిస్ బడికి వెళ్ళింది అన్నీ కలిపితే ఏడాది మాత్రమే అంటారు.

1878లో ఒక అత్త అతని మీద దయ తలచింది. గ్రేట్ నార్తర్న్ రైల్వే కంపెనీ పీటర్‌బరో వర్కుషాపులో అప్రెంటిస్‌గా చేర్పించి, ఏడాదికి 20 పౌండ్లు కట్టడానికి ఒప్పుకుంది. మన కాలంలో అప్రెంటిసుకు స్టైపెండు ఇస్తారు. ఆ కాలంలో అక్కడ పని నేర్పినందుకు అప్రెంటిస్ తరఫువాళ్ళే కంపెనీకి ఎదురు చెల్లించే పద్ధతి ఉండేది. ఒప్పందపత్రం రాసుకుని, ఏళ్ళ తరబడి పనిచేసి, గడువు నిండితేనే పూర్తి పనివాడన్న గుర్తింపు. ఆ కాగితం చేతిలో ఉంటే ఏ ఊళ్ళోనైనా పని దొరుకుతుంది. లేకపోతే ఎంత పనితనం ఉన్నా సగం పనివాడే.

గ్రేట్ నార్తర్న్ చిన్న కంపెనీ కాదు. ఎనిమిది అడుగుల చక్రాలున్న ప్యాట్రిక్ స్టిర్లింగ్ గారి ఇంజన్లు లండను నుంచి ఉత్తరానికి ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగుతున్న రోజులవి. అలాంటి ఇంజన్లు మరమ్మతుకు వచ్చేచోట ఒక పదిహేనేళ్ళ కుర్రవాడు నిలబడ్డాడంటే అతని కళ్ళు ఎలా మెరిసి ఉంటాయో ఊహించవచ్చు. అతడు బసచేసిన ఇంటి యజమానికి పెరట్లో సొంత షెడ్డు, అందులో లేత్ మిషను ఉండేవి. పగలు కంపెనీలో, సాయంత్రం ఆ షెడ్డులో పని. ఆకురాయి పట్టడం, ముక్కను ముక్కకు వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించడం చాలావరకు అక్కడే అబ్బిందని చెబుతారు. తెల్లవారుజామున మళ్ళీ పేపర్లు వేసేవాడు. రాత్రి బీజగణితం, ఫ్రెంచి, విద్యుత్తు గురించిన పుస్తకాలు. ఏడాది బడి చదువు వెలితిని అలా పూడ్చుకున్నాడు.

మూడేళ్ళు గడిచాయి. అత్త దగ్గర డబ్బు అయిపోయింది. కంపెనీకి కట్టేవారు లేరు. ఒప్పందం అక్కడితో ఆగింది. ఒక రసీదు, ఇంకొక రసీదు, మూడో రసీదు, ఆ తరువాత ఖాళీ. లెక్కల పుస్తకంలో ఆ ఖాళీ ఎంత చిన్నదో గుమాస్తాకు తెలుసు. కుర్రవాడికి మాత్రం అది జీవితమంత పెద్దది.

దేశంలో పనులు లేని కాలం. చేతిలో కాగితం లేదు. ఊళ్ళు తిరిగి చివరకు లీడ్సులో పనిముట్లు చేసే ఒక కార్ఖానాలో కుదిరాడు. వారానికి 54 గంటలు, జీతం 11 షిల్లింగులు. తరువాత లండనులో, లివర్‌పూల్‌లో విద్యుద్దీపాల కంపెనీల్లో పనిచేశాడు. ఆ రెండోది మూతపడింది. 1884లో తాను దాచుకున్న 20 పౌండ్లు, మిత్రుడు క్లేర్‌మాంట్ తెచ్చిన 50 పౌండ్లు పెట్టుబడిగా మాంచెస్టరులో సొంత షాపు పెట్టాడు. 20 పౌండ్లంటే సరిగ్గా అత్త కట్టిన ఒక ఏడాది రుసుము. ఇద్దరూ షాపు మీది గదిలోనే కాపురం. గంటలు, దీపాల హోల్డర్లు, తరువాత డైనమోలు, ఆ పైన ఎలక్ట్రిక్ క్రేన్లు చేశారు.

ఇకమీదటి కథ లోకానికి తెలిసినదే. 1903లో కొన్న ఫ్రెంచి కారు ఆయనకు నచ్చలేదు. అంతకంటె మేలైనది తానే చేస్తానని పూనుకుని 1904 ఏప్రిల్ 1న మొదటి కారు నడిపారు. ఆ పనిలో పక్కన నిలిచిన ప్లాట్‌ఫర్డ్, హాల్డెన్‌బీ ఇద్దరూ ఆయన షాపులోని అప్రెంటిసులు! అదే ఏడు మే 4న రోల్స్‌ను కలిశారు. 1907లో వారి సిల్వర్ ఘోస్ట్ కారును 15,000 మైళ్ళ పరీక్షకు పెట్టి, తరువాత విప్పి చూస్తే కొత్తదానితో సమానం చేయడానికి తేలిన భాగాల ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలట. ఆడిట్ వాళ్ళు కూడా ఆక్షేపణ పెట్టలేని బిల్లు.

ఆయన మెత్తని యజమాని కాదు. ఫిట్టరు ఆకురాయి పట్టిన తీరు నచ్చకపోతే తానే లాక్కుని చేసి చూపేవారట. తిండి మరిచి తిరుగుతుంటే పాలగ్లాసుతో ఒక కుర్రవాణ్ణి వెనుక పంపేవారట. ఆ అశ్రద్ధే 1911 నాటికి ఆరోగ్యం తీసింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఫ్యాక్టరీకి దూరంగా, నర్సు సంరక్షణలో, ఇంటి నుంచే నమూనాలు గీయించి పంపారు. 1930లో సర్ బిరుదు వచ్చింది. అయినా వృత్తి ఏమిటంటే మెకానిక్ అనే చెప్పుకునేవారట. వినయమని పుస్తకాల్లో రాస్తారు. అందులో కొంత పాత బాధ కూడా ఉందని నా అనుమానం. 1933 ఏప్రిల్ 22న పోయారు. ఆయన మొదలుపెట్టించిన మెర్లిన్ విమానపు ఇంజను ఆ అక్టోబరులో మొదటిసారి తిరిగింది.

ఇప్పుడు నా సంగతి. నేను ఎల్.డి.సి.గా చేరిన కొత్తలో ఒక కార్యాలయంలో 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద వచ్చే ఒప్పందపత్రాలు నా సీటుకు వచ్చేవి. ఒకసారి ఒక మైనరు కుర్రవాడి పత్రంలో తండ్రి సంతకం ఉండవలసినచోట తల్లి వేలిముద్ర ఉంది. తండ్రి లేడని ఎక్కడా రాయలేదు. వాకబు చేస్తే ఒక్క పూటలో తేలేది. నేను ఎర్రసిరాతో ఆక్షేపణ రాసి తిప్పి పంపాను. అది వెళ్ళి రావడానికి మూడు నెలలు. అంతవరకు స్టైపెండు ఆగింది. కుర్రవాడు అద్దెగదికి డబ్బు కట్టలేక ఊరికి వెళ్ళిపోయాడని తరువాత తెలిసింది. ఆక్షేపణ నిబంధన ప్రకారం సరైనదేనని సూపరింటెండెంటుగారు నన్ను మెచ్చుకున్నారు.

సవరించిన పత్రం వచ్చింది. తల్లి మరో వేలిముద్ర, కరణంగారి ధ్రువీకరణ, అన్నీ సక్రమంగా ఉన్నాయి. అప్పటికే రిజిస్టరులో అతని పేరు ఎదుట, తనంతట తాను మానివేసినట్టు రాసి, పొట్టి సంతకం చేసింది నేనే.