అట్టపెట్టె మెలికలో దొరికిన విమానం

రైట్ సోదరులు అనగానే మనలో చాలామందికి ఒక్కటే గుర్తొస్తుంది: 1903, మొదటి విమానం, పన్నెండు సెకన్లు. స్కూల్లో బిట్ ప్రశ్నకి అది చాలు. ఇంజినీరింగ్‌లోకి వచ్చాక మాత్రం నాకు ఆ ఇద్దరిలో పెద్దవాడైన విల్బర్ మీద ఆసక్తి పెరిగింది. అప్పట్లో చాలామంది విమానాన్ని పైకి ఎలా లేపాలా అని తలలు పట్టుకుంటుంటే, లేచాక దాన్ని అదుపులో ఎలా ఉంచాలి అన్నదే అసలు సమస్య అని పట్టుకున్నాడు అతను.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మిల్‌విల్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి మిల్టన్ చర్చి బిషప్. పనిముట్లు పట్టుకోవడంలో మాత్రం తల్లి సూసన్‌దే మంచి చెయ్యి. కుర్రాడు యేల్‌లో చదవాలనుకుంటున్న రోజుల్లో, మంచు మీద హాకీ ఆడుతుంటే కర్ర మొహానికి తగిలి ముందు పళ్లు పోయాయి. గాయం మానింది గానీ మనిషి డీలా పడిపోయాడు. చదువు అక్కడితో ఆగిపోయింది. క్షయతో మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ, ఇంట్లో ఉన్న పుస్తకాలు చదువుతూ కొన్నేళ్లు గడిపాడు. 1889లో తల్లి పోయింది. ఆ తర్వాత తమ్ముడు ఆర్విల్‌తో కలిసి డేటన్‌లో ప్రింటింగ్ ప్రెస్ నడిపాడు, 1892లో సైకిల్ షాపు తెరిచాడు.

1896లో జర్మనీలో ఒట్టో లిలియెంథాల్ గ్లైడర్ మీంచి పడి చనిపోయాడు. అతను ఒంటిని అటూ ఇటూ ఊపి బ్యాలెన్స్ చేసేవాడు. గాలి ఒక్కసారి గట్టిగా కొడితే ఆ ఊపు ఏ మూలకీ సరిపోదు. 1899 మే 30న విల్బర్, ఎగరడం గురించి అచ్చయిన సమాచారం పంపమని స్మిత్సోనియన్ సంస్థకి ఉత్తరం రాశాడు.

అదే ఏడాది షాపులో సైకిల్ ట్యూబ్ వచ్చిన పొడవాటి అట్టపెట్టెని చేతుల్లో మెలిపెడుతూ ఒక సంగతి గమనించాడు. పెట్టె పైముఖం, కిందిముఖం రెండు రెక్కలనుకోండి. మెలిపెడితే ఒక చివర కోణం పెరుగుతుంది, రెండో చివర తగ్గుతుంది. కోణం పెరిగిన వైపు లిఫ్ట్ ఎక్కువ, ఆ వైపు లేస్తుంది. ఇదే వింగ్ వార్పింగ్. ఇప్పుడు ఐలరాన్లు చేసే పని ఇదే. వెంటనే ఐదడుగుల రెక్కలతో గాలిపటం కట్టి, తాళ్లతో రెక్కలు మెలితిప్పి చూశాడు. చెప్పినట్టు వింది.

1900లో మనిషిని మోసే గ్లైడర్ కట్టడానికి నార్త్ కరోలినాలోని కిట్టీ హాక్ ఇసుకతిన్నెలకి బయల్దేరాడు. దారిలో 18 అడుగుల స్ప్రూస్ కర్రలు కొందామంటే దొరకలేదు, 16 అడుగుల పైన్ కర్రలే దొరికాయి. దాంతో ముందే కుట్టుకెళ్లిన రెక్కల గుడ్డ పెద్దదైపోయింది. అక్కడి టేట్ గారింటి కుట్టుమిషన్ అడిగి తీసుకుని, గుడ్డ కత్తిరించి తనే మళ్లీ కుట్టాడు. సీజన్ అయ్యాక వదిలేసిన ఆ రెక్కల గుడ్డతో టేట్ గారమ్మాయిలకి గౌన్లు కుట్టారట!

1901 గ్లైడర్ నిరాశపరిచింది. లెక్కల ప్రకారం రావలసినంత లిఫ్ట్ రాలేదు. అందుకని అన్నదమ్ములు ఇంటికొచ్చి సొంతంగా విండ్ టన్నెల్ చేసుకుని, దాదాపు 200 చిన్న రెక్కల నమూనాలు పరీక్షించారు. 1902 గ్లైడర్ ఆ కొలతలతోనే పుట్టింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1902లోనే ఉంది. మా కాలేజీ ఏరోమోడలింగ్ టీమ్‌లో అందరికీ తెలిసిన తంటానే అది: ఎడమకి ఒరగమని ఐలరాన్ ఇస్తే ముక్కు కుడికి జరుగుతుంది. లేచే రెక్కకి లిఫ్ట్‌తో పాటు డ్రాగ్ కూడా పెరిగి, అది వెనక్కి లాగడమే కారణం. దీన్ని ఆపడానికే వెనక కదలని నిలువు తోక బిగించారు. అదేమో కొన్నిసార్లు పరిస్థితిని ఇంకా చెడగొట్టింది. గ్లైడర్ కిందికి ఒరిగిన రెక్క వైపు జారితే తోక దాన్ని అటే తిప్పేది, రెక్క కొస ఇసుకలో గుచ్చుకునేది. తోకని కదిలే చుక్కానిగా మార్చుదామన్నది ఆర్విల్ ఆలోచన. దాని తీగల్ని రెక్కలు మెలితిప్పే తీగలకే కలిపేద్దామన్నది విల్బర్ ఆలోచన. పైలట్ బోర్లా పడుకుని నడుముని ఒక పక్కకి జరిపితే చాలు, రెక్కలూ చుక్కానీ ఒకేసారి కదులుతాయి. ముందున్న ఎలివేటర్‌కి చేతిలో లీవరు ఉండనే ఉంది. అంటే మూడు అక్షాలూ అదుపులోకొచ్చాయి, ఇంజిన్ బిగించకముందే!

1903 విమానానికి ఇంజిన్ వచ్చింది. అది పైలట్ కంటే బరువు కాబట్టి దాని వైపున్న కుడి రెక్కని నాలుగు అంగుళాలు పొడవు పెంచారు. డిసెంబర్ 14న టాస్ గెలిచిన విల్బర్ ఎలివేటర్ మరీ ఎక్కువ లేపడంతో విమానం ఆగి ఇసుకలో దిగబడింది. బాగుచేశాక 17న మొదటి వంతు ఆర్విల్‌ది. ఆ రోజు నాలుగోసారి ఎగిరిన విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లాడు. 1905కల్లా ఎలివేటర్ని పెద్దది చేసి ఇంకా ముందుకి జరిపారు, చుక్కానికి విడిగా కంట్రోల్ ఇచ్చారు. అక్టోబర్ 5న విల్బర్ 39 నిమిషాలు గాల్లోనే ఉన్నాడు.

ప్రపంచం నమ్మింది మాత్రం 1908 ఆగస్టు 8న. ఫ్రాన్స్‌లో లే మాన్ దగ్గర, పెట్టెల్లో దెబ్బతిని వచ్చిన విమానాన్ని వారాల తరబడి బాగుచేసుకుని, రెండు నిమిషాలు కూడా లేని ఫ్లైట్ ఒకటి చేశాడు. రెక్క ఒరగబెట్టి నున్నగా మలుపు తిప్పడం చూసి, మలుపులకే అవస్థ పడుతున్న అక్కడి పైలట్లు నోరెళ్లబెట్టారు.

తర్వాత కథ బాధగా ఉంటుంది. 1906లో వచ్చిన పేటెంట్ కోసం 1909 నుంచి కేసులు మొదలయ్యాయి. ఐలరాన్లు కూడా తమ పేటెంట్ కిందికే వస్తాయన్నది సోదరుల వాదన. వాళ్లకి హక్కు లేదని నేను అనను. కానీ కొత్త విమానాలకి దక్కాల్సిన రోజులు లాయర్ల దగ్గర ఖర్చైపోయాయి. 1912లో విల్బర్‌కి టైఫాయిడ్ వచ్చింది. స్మిత్సోనియన్‌కి ఉత్తరం రాసి సరిగ్గా పదమూడేళ్లు నిండిన రోజున, మే 30న, 45 ఏళ్లకే కన్నుమూశాడు.

ఎప్పుడైనా విమానంలో కిటికీ సీటు దొరికితే, మలుపు తిరిగేటప్పుడు రెక్క వెనక అంచు కదలడం గమనించండి. ఆకారం మారింది, పదార్థం మారింది, తీగల స్థానంలో హైడ్రాలిక్స్ వచ్చాయి. సూత్రం మాత్రం ఆ అట్టపెట్టెలోదే.