జాన్ స్టూవర్టు మిల్లు: దైవన్యాయ విచారము

ఈశ్వరుడు చేయు కార్యములు మంచివా చెడ్డవా యని విచారించుటకు మనుష్యునకు అధికారము కలదా యను ప్రశ్న మన దేశమునందు క్రొత్తది కాదు. శిశువు మరణించిన యింటికి పరామర్శకు వచ్చినవారు అంతయు భగవల్లీల యనియో, పూర్వజన్మ కర్మమనియో చెప్పి లేచిపోవుట చదువరులు చూచియే యుందురు. ఆ మాటచే ఊఱట పొందువారును కలరు. లోలోపల కుమిలిపోవువారును కలరు. ఈ ప్రశ్న నిమిత్తమై తన పేరును పణముగా నొడ్డిన యొక యాంగ్లేయ తత్త్వవేత్త చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాను.

జాన్ స్టూవర్టు మిల్లు 1806 వ సంవత్సరము మే నెల 20 వ తేదీని లండను నగరమున జన్మించెను. ఆయన తండ్రియగు జేమ్సు మిల్లు హిందూదేశ చరిత్రమును వ్రాసి ప్రసిద్ధి కెక్కినవాడు. ఈ దేశమును కన్నులార చూడకయే వ్రాసెనన్న నింద ఆయనకు తగినదే. జేమ్సు స్కాట్లండులో మతబోధకుడగుటకు చదివి, అనుజ్ఞను సైతము పొంది, పిమ్మట ఆ మతమును విడిచెను. విడుచుటకు కారణము తర్కముకంటె ధర్మబుద్ధియే. ఇన్ని బాధలతో నిండిన ప్రపంచము సర్వశక్తియు సంపూర్ణ కారుణ్యమును గల కర్తచే చేయబడినదని ఆయన నమ్మలేకపోయెను. అసంఖ్యాకులు నిత్యనరకమున పడుదురని ముందే యెఱిగి వారిని సృజించినవానిని పూజింపవలెననుట ఆయనకు దుస్సహముగ నుండెను. కుమారునకు ఆయన ఏ మతమును నేర్పలేదు. మూడవయేట గ్రీకుభాషను, ఎనిమిదవయేట లాటినును నేర్పెను. తోడి బాలురతో ఆడుకొనుట యా బాలు డెఱుగడు. ఆ పెంపకపు ఫలమేమో, ఇరువదియవ యేట ఆయనకు ఘోరమైన మనోవ్యాకులత కలిగెను. వర్డ్సువర్తు కవిత్వము తోడ్పడగా క్రమముగా తేరుకొనెను.

1823 మొదలు 1858 వఱకు ఆయన లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున నుద్యోగము చేసెను. 1832-33 లో నందన కరవు గుంటూరు మండలమును శ్మశానముగా చేసినపుడు కంపెనీ కొలువులోనే యుండెను. ఆయన పని ముఖ్యముగా స్వదేశ సంస్థానములనుగూర్చిన లేఖలు వ్రాయుట.

1858 వ సంవత్సరముననే హెన్రీ మాన్సెలు అను విద్వాంసుడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఎనిమిది యుపన్యాసము లిచ్చెను. మనుష్యబుద్ధి పరిమితమైనది, ఈశ్వరుడు అనంతుడు; కాబట్టి మన నీతి కొలతతో ఆయన కార్యములను కొలువరాదని ఆయన వాదము. కుమారుని బలి యిమ్మని అబ్రహామునకు కలిగిన యాజ్ఞవంటి గాథలను ఆక్షేపించువారికి దానిచే సమాధానము దొరకునని తలచెను. మాన్సెలు మూఢుడు కాడు. శస్త్రము పట్టిన వైద్యుని చూచి క్రూరుడని యేడ్చు పసివానికి ఆ వైద్యుని ఉద్దేశము తెలియదు గదా! మనమును అట్టి పసివారమే యనుట సులభముగ త్రోసివేయదగినది కాదు.

మిల్లు 1865 లో హామిల్టను తత్త్వమును పరీక్షించుచు వ్రాసిన గ్రంథమున దీనికి బదులు చెప్పెను. ఈశ్వరుని మంచితనము మన మంచితనముకంటె అధికమైనదనుట వేఱు. జాతిచేతనే భిన్నమైనదనుట వేఱు. జాతిభేదమే యున్నచో ఆయనను మంచివాడనుటకు అర్థమే లేదు. అది బలవంతుని యెదుట చేయు ముఖస్తుతి మాత్రమే యగును. అట్లు పొగడనందుకు నరకమే ప్రాప్తించినను దాని కొడంబడెదనని ఆయన వ్రాసెను. వైద్యుని దృష్టాంతమును ఈ వెలుగున మరల చూతము. పసివాడు పెద్దవాడైన పిమ్మట ఆ కోత తన యారోగ్యము కొఱకేయని గ్రహించును. ఆరోగ్యమను మాటకు ఇరువురకును అర్థ మొక్కటియే. ఆ యర్థము కూడ వేఱైనచో, వాని నమ్మకమునకు ఆధారమేమి మిగులును?

ఆ సంవత్సరముననే ఆయన వెస్టుమినిస్టరునుండి పార్లమెంటునకు అభ్యర్థిగా నిలిచెను. ఓట్లు యాచింపననియు, ధనము వెచ్చింపననియు, తన మతాభిప్రాయములను గూర్చిన ప్రశ్నలకు ఉత్తర మీయననియు ముందే తెలిపెను. ప్రతిపక్షమువారు నరకమును గూర్చిన యా వాక్యమును పట్టుకొని నాస్తికుడని చాటిరి. అయితే మాన్సెలు వాదము ధర్మమునకే హానికరమని 1859 లోనే వ్రాసిన మారిసు అను నాయన క్రైస్తవ బోధకుడే! మిల్లు గెలిచెను. 1867 లో స్త్రీలకు ఓటుహక్కు ఈయవలెనని ఆయన తెచ్చిన సవరణకు 73 ఓట్లు మాత్రమే వచ్చెను. 1868 లో ఓడిపోయెను. ప్రసిద్ధ నాస్తికుడైన బ్రాడ్లా ఎన్నికకు చందా యిచ్చుట ఆ యోటమికి ఒక కారణమయ్యెను.

భార్యయగు హారియెట్టు 1858 లో ఫ్రాన్సులోని అవిన్యోనున మరణింపగా, ఆమె సమాధి కనతి దూరమున ఇల్లు కొని ఆయన ఏటేట కొంతకాల మచట గడపుచుండెను. 1873 మే నెల మొదట కీటకశాస్త్రజ్ఞుడైన ఫాబ్రుతో కలిసి మొక్కల నన్వేషించుచు చాలదూరము నడచెను. పిమ్మట జ్వరము సోకి 7 వ తేదీని మృతినొంది, భార్య ప్రక్కనే ఖననము చేయబడెను.

మఱుసటి యేట ఆయన సవతికూతురు హెలెను టేలరు ఆయన మతవ్యాసములు మూడింటిని ప్రకటించెను. ప్రకృతి క్రూరకృత్యములను నీతికి ప్రమాణముగ గొనరాదని ఒకదాని సారాంశము. కడపటి దానిలో, కర్త యొకడున్నచో అతడు మేలుకోరువాడై యుండవచ్చుననియు, కాని సర్వశక్తిమంతుడు కాజాలడనియు వ్రాసెను. శక్తికిని కారుణ్యమునకును పొసగనపుడు ఆయన శక్తినే విడిచెను. భక్తులకు ఆ పరిమితశక్తిగల దేవుడు రుచింపలేదు. ఆయన శిష్యుడైన జాన్ మార్లీకి ఆ మాత్రము ఆశను మిగుల్చుట కూడ తగదని తోచి, ఆ వ్యాసమును తీవ్రముగ విమర్శించెను.