వేషం కట్టే యంత్రం: ఏలన్ ట్యూరింగ్

దోహాలో ఇండస్ట్రియల్ ఏరియా అంటే గ్యారేజీలు, గోడౌన్లు, నంబర్లతో పిలిచే వీధులు. మా ఆఫీసూ ఒక గోడౌన్ పైనే. మెషీన్ కంట్రోలర్లకు ప్రోగ్రాములు రాస్తాం. అసలు బోర్డు వచ్చేలోగా, 2003లో ఫాబ్రీస్ బెల్లార్ విడుదల చేసిన క్యూఎము సాయంతో ల్యాప్‌టాప్ చేతే ఆ బోర్డు వేషం కట్టిస్తాం. దీన్నే ఎమ్యులేషన్ అంటారు. ఈ విద్యకు మూలపురుషుడు ఏలన్ ట్యూరింగ్. ఆయనకు మన వైపుతో చుట్టరికం ఉందని నాకు ఎమ్మెస్ చదివే రోజుల్లో కూడా తెలియదు.

తండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. గంజాం జిల్లా ఛత్రపురంలో పనిచేశారు. బరంపురం దగ్గరి ఊరు, అప్పటికింకా ఒరిస్సాలో కలవలేదు. తల్లి తరపు తాతగారు మద్రాసులో రైల్వే చీఫ్ ఇంజనీరు. కాన్పు మాత్రం లండన్‌లో, 1912 జూన్ 23న. ఆ తర్వాత తల్లిదండ్రులు ఇండియాలో, పిల్లలిద్దరూ ఇంగ్లండులో పరాయి ఇంట. మా వీధిలో కరీంనగర్, నిజామాబాద్ అన్నలను చూస్తే అదే కథ దిక్కు మార్చుకుని వచ్చిందనిపిస్తుంది. తండ్రి గల్ఫులో, పిల్లలు అమ్మమ్మ దగ్గర.

1936లో, పాతికేళ్ళు నిండకముందే, ఏ యంత్రం వర్ణన ఇచ్చినా చదువుకుని అచ్చం దానిలాగే నడిచే సార్వత్రిక యంత్రాన్ని ఆయన కాగితం మీద కట్టారు. ఏ ప్రోగ్రాము చివరికి ఏం చేస్తుందో ప్రతిసారీ తేల్చి చెప్పగల పద్ధతి ఉండదనీ ఆ వ్యాసంతోనే తేలింది. యుద్ధకాలపు ఎనిగ్మా కథ అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను.

విశేషమేమిటంటే ఆ కాగితపు ఎమ్యులేటర్‌లోనూ బగ్గులున్నాయి! ఎమిల్ పోస్ట్ 1947లో కొన్నిటిని అచ్చులో ఎత్తిచూపారు. డొనాల్డ్ డేవిస్ అనే కుర్ర సహోద్యోగి ఇంకొన్ని పట్టుకుని సంబరంగా చెప్పబోతే ట్యూరింగ్‌కు కోపం వచ్చిందట. అదే ట్యూరింగ్ 1949లో పెద్ద ప్రోగ్రాము సరైనదని ఎలా నిర్ధారించుకోవాలో వివరిస్తూ ఒక పత్రం సమర్పించారు.

1950లో, రాతపూర్వక సంభాషణతో యంత్రం తెలివిని పరీక్షించవచ్చని ప్రతిపాదించారు. ఇప్పుడు మా బగ్ రిపోర్టులను మాటలు నేర్చిన యంత్రమే, అంటే లాంగ్వేజ్ మోడలే, చదివి వేరుచేస్తుంది. తప్పు ప్రోగ్రాములోనా, ఎమ్యులేటర్‌లోనా, వాడినవారి సెటప్‌లోనా అని. ఒక జూనియర్ అమ్మాయి పంపిన రిపోర్టును అది సెటప్ తప్పుల్లో పడేసింది. నేను చదవకుండానే మూసేశాను. అసలు బోర్డు వచ్చాక చూస్తే, ఒక ఇన్‌స్ట్రక్షన్‌కు ఎమ్యులేటర్ ఒక జవాబు, చిప్ ఇంకో జవాబు ఇస్తున్నాయి. ఆ అమ్మాయి రిపోర్టులో ఉన్నది సరిగ్గా అదే. ఆదివారం, ఇక్కడ వారం మొదలయ్యేది ఆ రోజే, క్షమాపణ చెప్పి మళ్ళీ తెరిచాను.

ట్యూరింగ్‌కు క్షమాపణ అందేసరికి ఆయన లేరు. మరొక పురుషుడితో సంబంధం ఉన్నందుకు 1952లో శిక్షించారు. జైలు తప్పించుకోవడానికి హార్మోన్ మందులకు ఒప్పుకోవలసి వచ్చింది. 1954 జూన్ 7న సైనైడ్‌తో మరణించారు. అప్పటికి 41 ఏళ్ళు. బ్రిటిష్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2009లో, రాణి క్షమాభిక్ష 2013లో. 2021లో వచ్చిన యాభై పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు.