రీఫ్ కొండల ఖాజీ

మధ్యధరా సముద్రాన్ని ఆనుకొని ఉత్తర మొరాకోలో ఉన్న కొండసీమ పేరు రీఫ్. అక్కడి అజ్దీర్ గ్రామంలో 1882 ప్రాంతంలో ఒక ఖాజీ ఇంట ముహమ్మద్ బిన్ అబ్దుల్ కరీమ్ అల్ ఖత్తాబీ జన్మించారు. ఫెజ్ నగరంలోని ఖరవియ్యీన్ విద్యాలయంలో ధార్మిక విద్య అభ్యసించారు. స్పెయిన్ ఏలుబడిలోని మెలీల్లాలో ఉపాధ్యాయునిగా, పత్రికా రచయితగా, ఖాజీగా పనిచేశారు. తర్వాత స్పెయిన్ అధికారులే ఆయన్ను ఖైదు చేశారు. చెర నుంచి తప్పించుకోబోయి కాలు విరగ్గొట్టుకున్న ఆయన ఆపై కుంటుతూనే నడిచారు.

1912లో ఫ్రాన్స్, స్పెయిన్ దేశాలు మొరాకోను పంచుకున్నాయి. రీఫ్ స్పెయిన్ వంతుకు వచ్చింది. తెగలుగా చీలి తమలో తాము కలహించుకునే కొండ ప్రజలను అబ్దుల్ కరీమ్ ఏకం చేశారు. 1921 జూలైలో అన్వాల్ వద్ద స్పెయిన్ సేన కుప్పకూలింది. 8 వేలకు పైగా సైనికులు మరణించారు. లొంగిపోయినవారిని సైతం కొందరు యోధులు చంపడం ఆ విజయానికి అంటిన మచ్చ అని మనం ఒప్పుకోక తప్పదు. అనంతరం ఆయన రీఫ్ గణతంత్రాన్ని నెలకొల్పారు.

1924లో ఫ్రెంచి సేనలు వర్ఘా లోయలో స్థావరాలు కట్టి కొండవాసులకు ధాన్యం అందే దారిని మూసివేశాయి. 1925 ఏప్రిల్‌లో రీఫ్ యోధులు వాటిపై దాడి చేశారు. ఆ దాడితో, అంతవరకు ఒకరినొకరు నమ్మని ఫ్రాన్స్, స్పెయిన్ చేతులు కలిపాయి. విడివిడిగా సంధి చేసుకోరాదనీ, సముద్రంపై కలసి కాపలా కాయాలనీ ఆ వేసవిలో మాడ్రిడ్‌లో ఒప్పందం కుదుర్చుకున్నాయి. సెప్టెంబర్ 8న అల్ హుసైమా అఖాతంలో స్పెయిన్ సేనలు ఉభయ దేశాల యుద్ధనౌకల అండతో దిగాయి. దక్షిణాన మార్షల్ పెటేన్ ఫ్రెంచి సేనలను నడిపారు. స్పెయిన్ విమానాలు పల్లెలపై, సంతలపై విషవాయువు బాంబులు సైతం కురిపించాయి.

ఇరువైపులా ముట్టడి బిగిసింది. పోరు సాగిస్తే తన ఊళ్లు మిగలవని గ్రహించిన అబ్దుల్ కరీమ్ 1926 మేలో ఫ్రెంచివారికి లొంగిపోయారు. రీయూనియన్ దీవిలో 20 ఏళ్లకు పైగా ప్రవాసం అనుభవించారు. 1947లో ఫ్రాన్స్‌కు తరలిస్తుండగా ఈజిప్టులో ఓడ దిగి ఆశ్రయం పొందారు. 1956లో మొరాకో స్వతంత్రమైనా తిరిగి వెళ్లలేదు. 1963 ఫిబ్రవరి 6న కైరోలో కన్నుమూశారు.

తెగల ఐక్యత ఒక సామ్రాజ్యాన్ని నిలువరించింది. ఆ ఐక్యతను అణచడానికి రెండు సామ్రాజ్యాలు ఏకం కావలసి వచ్చింది. గెలుపు తెలిసిన నాయకులను మనం ఎందరినో స్మరిస్తాం. ప్రజల ప్రాణాల కోసం తన ఓటమిని అంగీకరించిన ఈ ఖాజీని కూడా మనం గుర్తుంచుకోవాలి.