యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన తెలుగు వైద్య శాస్త్రజ్ఞుడు. తెల్ల రక్తకణాలకు వచ్చే ల్యుకేమియా అనే క్యాన్సరును వెనుకకు తగ్గించిన తొలి మందులలో ఒకటి వీరి బృందం తయారు చేసినదే.

బాల్యం, విద్య

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తి పడవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే ప్రేగుల వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆనాడు ఆ వ్యాధికి సరైన మందు లేదు.

పరిశోధనలు

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్క్‌తో కలిసి, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అక్కడ శాశ్వత ఉద్యోగం లభించక 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో వీరి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకు అది ఉపయోగపడింది.

తెల్ల రక్తకణాలు, ల్యుకేమియా

తెల్ల రక్తకణాలు రోగ నిరోధక వ్యవస్థకు సైనికుల వంటివి. వీటిలో న్యూట్రోఫిల్స్ సూక్ష్మజీవులను మింగివేస్తాయి. లింఫోసైట్లలో కొన్ని ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. ల్యుకేమియా సోకినప్పుడు ఎముక మజ్జలో పరిపక్వం కాని కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. వాటి సంఖ్య ఎక్కువైనా అవి శరీరాన్ని కాపాడలేవు.

కణ విభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరం. ఈ జాతి పదార్థం ఇచ్చినపుడు ల్యుకేమియా మరింత ముదురుతున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అందువలన దానికి విరుద్ధంగా పనిచేసే మందు అవసరమైంది. సుబ్బారావు బృందం తయారు చేసిన అమైనోప్టెరిన్ రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగిస్తుంది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలకు గాను 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా, ల్యుకేమియాను మందుతో ఎదుర్కోవచ్చునని తెలిసింది.

దీని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్‌ను నేటికీ ల్యుకేమియాకు వాడుతున్నారు. రోగ నిరోధక వ్యవస్థ సొంత కీళ్ళపైనే దాడి చేసే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు కూడా తక్కువ మోతాదులో ఇస్తారు.

మరణం

సుబ్బారావు తిరిగి స్వదేశానికి రాకుండానే, 53 ఏళ్ళ వయసులో అమెరికాలో కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం వీరి స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.