102వ పేరు

పాఠకులారా, ఈ వారం మీకు ఒక ఆటగాడి జీవితం చెప్పబోతున్నాను. ఆ ఆట మనది కాదు. మనం ఫుట్‌బాల్ అనేది కాళ్లతో ఆడేది. అమెరికావాళ్లు అదే పేరుతో పిలిచేది మాత్రం రెండు కొనలున్న బంతిని చేతబట్టుకుని, ఒకరిమీద ఒకరు పడుతూ ఆడేది. ఆట తెలియకపోయినా ఫరవాలేదు, చదవండి. ఇంటర్వ్యూలకు వెళ్లి ఉత్తచేతులతో తిరిగివచ్చిన పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే అతనికీ వినిపించండి.

ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి ముందుగా అతని చేతికే వస్తుంది. ఎవరికి అందించాలో, ఎంత దూరం విసరాలో తేల్చుకోవడానికి అతనికి దొరికే వ్యవధి మూడు నాలుగు సెకన్లు. ఈలోగా ఏనుగుల్లాంటి మనుషులు అతణ్ణి పడగొట్టడానికి మీదికి వస్తుంటారు. కళాశాలల్లో ఆట ముగించిన యువకులను వృత్తి జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకుంటాయి. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. 1955లో 12 జట్లు కలిసి 30 వంతుల్లో 360 మందిని ఏరుకున్నాయి. అందులో మొట్టమొదటి పేరు జార్జ్ షా అనే క్వార్టర్‌బ్యాక్‌ది. అతణ్ణి బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు తీసుకుంది. 102వ పేరు జానీ యునైటస్‌ది.

యునైటస్ 1933 మే 7న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. లిథువేనియా నుంచి వలస వచ్చిన కథోలిక కుటుంబాల బిడ్డ. ఐదేళ్లవాడుగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. ఇంటింటికీ బొగ్గు చేరవేసే ఆయన వ్యాపారాన్ని తల్లి హెలెన్ తన భుజాన వేసుకుని నలుగురు పిల్లలను సాకింది. పునీత జస్టిన్ పేరిట ఉన్న విచారణ పాఠశాలలో ఆడుతూ ఆ కుర్రవాడు ఒక్కటే కోరుకున్నాడు, ప్రసిద్ధ కథోలిక విశ్వవిద్యాలయం నోటర్ డేమ్‌లో ఆడాలని. అక్కడివారు పిలిచి చూశారు. 65 కిలోలకు కాస్త అటూఇటూగా ఉన్న బక్కపలచని శరీరం చూసి, వీడు దెబ్బలకు తట్టుకోలేడని పంపేశారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం చోటిస్తానంది గాని ప్రవేశ పరీక్షలో తప్పాడు. చివరకు చేరదీసింది లూయివిల్ విశ్వవిద్యాలయం.

అతని పేరు 102వ చోటుకు జారడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. లూయివిల్ పెద్ద పేరున్న జట్టు కాదు. 1952లో విశ్వవిద్యాలయం ఆటలకిచ్చే సాయాన్ని కోసేసింది. తోటివారిలో చాలామంది వెళ్లిపోయారు, అతడు ఉండిపోయాడు. మరుసటి ఏడు నిబంధనలు మారి, దాడి చేసే ఆటగాళ్లే అడ్డుకునే పనీ చేయవలసి వచ్చింది. ఓడిపోయే జట్టులో, అలసిన ఒంటితో ఆడేవాడు ఎంత బాగా విసిరినా దూరాన ఉన్నవారికి కనిపించేది ఓటమే. అప్పట్లో జట్లకు ఊరూరా తిరిగి ఆటగాళ్లను చూసే మనుషులు తక్కువ. కళాశాల పేరు, గెలుపుల లెక్క, ఎత్తు, బరువు, ఇవే సాక్ష్యాలు. మూడు సెకన్లలో నిదానం కోల్పోకుండా ఆలోచించగలడా అన్నది వీటిలో దేనిలోనూ రాదు.

అతణ్ణి తొమ్మిదో వంతులో తీసుకున్నది సొంత ఊరి జట్టే, పిట్స్‌బర్గ్ స్టీలర్స్. కాని శిక్షణ శిబిరంలో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు అప్పటికే ఉన్నారు. సన్నాహక మ్యాచ్‌లలో యునైటస్‌ను ఒక్క నిమిషమైనా బరిలోకి దింపకుండానే కోచ్ వాల్ట్ కీస్లింగ్ ఇంటికి పంపేశాడు. ఇతడికి బుర్ర చాలదని ఆయన అభిప్రాయం. కీస్లింగ్‌ను దుర్మార్గుడనలేం. ఉన్నవారిలో ఒకరు తగ్గాలి, తగ్గేది ఎప్పుడూ చివర వచ్చినవాడే. మొదటి వంతులో తెచ్చుకున్నవాడు తప్పు చేస్తే ఇంకో అవకాశమిస్తారు, ఎందుకంటే అతని మీద డబ్బూ పరువూ పెట్టారు. తొమ్మిదో వంతువాడికి తప్పు చేసే అవకాశం కూడా రాదు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. అతణ్ణి చూసి కాదనలేదు, చూడకుండానే కాదన్నారు. ఆ ఏడు స్టీలర్స్ 12 ఆటల్లో నాలుగే గెలిచింది.

దారిఖర్చుకిచ్చిన డబ్బు మిగుల్చుకోవడానికి రోడ్డుమీద బండ్లు ఆపి ఎక్కుతూ ఇల్లు చేరాడని చెబుతారు. అప్పటికే పెళ్లయింది. పగలు కట్టడాల పనిలో, పునాది గుంజలు దింపే కూలీల ముఠాలో చేరాడు. సాయంత్రాలు బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే స్థానిక జట్టుకు, గడ్డి మొలవని మైదానాల్లో ఆడాడు. ఆటకు 6 డాలర్లు.

1956లో బాల్టిమోర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి కోచ్ వీబ్ యూబ్యాంక్ అతణ్ణి పరీక్షించి, షాకు బదులుగా పక్కన ఉంచుకోవడానికి తీసుకున్నాడు. ఆ అక్టోబరులో చికాగో బేర్స్‌తో ఆటలో షా మోకాలు దెబ్బతింది. 102వ పేరువాడు మైదానంలోకి వచ్చాడు. మొదటిసారి విసిరిన బంతి ఎదుటివాడి చేతిలో పడింది, వాడు దానితో పరుగెత్తి పాయింట్లు కొట్టాడు. తర్వాత చేతిలోని బంతి కూడా జారవిడిచాడు. 58-27తో జట్టు చిత్తుగా ఓడింది. కీస్లింగ్ చెప్పిందే నిజమని ఆ రాత్రి ఎవరైనా అనుకుని ఉంటే తప్పు పట్టలేం. వారం తిరిగేసరికి అదే యునైటస్ గ్రీన్ బే ప్యాకర్స్‌పై జట్టును గెలిపించాడు. ఏ డ్రాఫ్ట్ కాగితమూ చూపని గుణం ఆ రెండు ఆదివారాల మధ్య బయటపడింది.

శిక్షణ అయిపోయి అందరూ వెళ్లాక రేమండ్ బెర్రీ అనే సహచరుడితో కలిసి గంటల తరబడి సాధన చేసేవాడు. బెర్రీ మరీ కిందనుంచి వచ్చినవాడు, 1954 డ్రాఫ్ట్‌లో 20వ వంతు. బంతి ఎక్కడ దిగాలో మాట అక్కరలేకుండా తెలిసేంతగా ఇద్దరూ కుదిరిపోయారు. 1958 డిసెంబరు 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జెయింట్స్‌తో ఫైనల్. రెండు నిమిషాలు మిగిలి ఉండగా కోల్ట్స్ 17-14తో వెనకబడి, మైదానం ఈ చివరన 14 గజాల దగ్గర చిక్కుకుంది. యునైటస్ వరుసగా మూడుసార్లు బెర్రీకే విసిరాడు. ఏడు సెకన్లుండగా స్కోరు సమమైంది. ఆ లీగ్ ఫైనల్‌లో మొదటిసారిగా అదనపు సమయం ఆడించారు. అప్పటి క్వార్టర్‌బ్యాక్‌లు ఎత్తుగడలు తామే చెప్పుకునేవారు. బుర్ర చాలదన్న మనిషి 80 గజాలు ఒక్కో అడుగూ తానే నిర్ణయించుకుంటూ జట్టును నడిపించి 23-17తో గెలిపించాడు. జార్జ్ షా ఆ రోజు కోల్ట్స్ బెంచీమీద ఉన్నాడు.

1956 నుంచి 1960 దాకా వరుసగా 47 ఆటల్లో టచ్‌డౌన్ పాస్ విసిరిన ఆయన రికార్డు 2012 వరకు చెక్కుచెదరలేదు. మూడుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 1979లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. అయినా ఎంచేవారి తీరు పెద్దగా మారలేదు. 1994లో కర్ట్ వార్నర్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఆయన కొంతకాలం సూపర్‌మార్కెట్‌లో అలమరలు సర్దాడు. 2000లో టామ్ బ్రేడీ 199వ పేరు. ఇప్పుడు పరుగును గడియారం పెట్టి కొలుస్తారు, వీడియోలు చూస్తారు. కొలవగలిగినదాన్ని మరింత బాగా కొలుస్తున్నారు, అంతే.

ఆట ఆయన దగ్గర తీసుకున్నదీ తక్కువ కాదు. కుడిచేతికి తగిలిన దెబ్బలు ముదిరి, చివరి ఏళ్లలో వేళ్లు పట్టు కోల్పోయాయి. 2002 సెప్టెంబరు 11న వ్యాయామం చేస్తుండగా గుండె ఆగి, 69వ ఏట కన్నుమూశాడు. బాల్టిమోర్‌లో మరియరాణి పేరిట ఉన్న కథీడ్రల్‌లో అంత్యక్రియల పూజ జరిగింది. అక్కడ ఆయన గురించి మాట్లాడినవారిలో 20వ వంతు బెర్రీ ఉన్నాడు.