జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ

జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ (ఏప్రిల్ 23, 1893 - మే 10, 1983) ప్రముఖ భారతీయ రసాయన శాస్త్రవేత్త. మట్టిలోని సూక్ష్మకణాలకు విద్యుదావేశం ఎలా కలుగుతుంది, అది నేల ఆమ్లత్వాన్ని ఎలా నిర్ణయిస్తుంది అనే విషయాలపై ఈయన విశేష కృషి చేశాడు.

జీవితం

ఈయన నాటి బెంగాల్‌లోని రాజ్‌షాహీ జిల్లా (ప్రస్తుతం బంగ్లాదేశ్) మహాదేవపూర్‌లో జన్మించాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రఫుల్లచంద్ర రాయ్ వద్ద విద్యాభ్యాసం చేశాడు. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా ఈయన సహాధ్యాయులు. 1919లో లండన్ వెళ్ళి, యూనివర్సిటీ కాలేజీలో డోనన్ వద్ద కొల్లాయిడ్ కణాల ఆవేశంపై పరిశోధించాడు. విద్యుత్ క్షేత్రంలో ఆ కణాలు కదిలే వేగాన్ని కొలిచే పద్ధతిని మెరుగుపరచాడు. తిరిగి వచ్చి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

పరిశోధనలు

నేలలోని ఆవేశం రెండు విధాలు. బంకమట్టి స్ఫటికాలలో సిలికాన్ స్థానంలో అల్యూమినియం, అల్యూమినియం స్థానంలో మెగ్నీషియం చేరినప్పుడు శాశ్వత ఋణావేశం ఏర్పడుతుంది. పల్నాడు జిల్లా అచ్చంపేట ప్రాంతంలో ప్రత్తి, మిరప పండే నల్లరేగడి నేలలు ఇందుకు ఉదాహరణ. ఈ ఆవేశం వల్లనే అవి కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం అయాన్లను నిలుపుకొంటాయి. రెండవది మారే ఆవేశం. జపాన్ వంటి దేశాలలోని అగ్నిపర్వత బూడిద నేలలలో అల్లోఫేన్ అనే ఖనిజం ఉంటుంది. నేల ఆమ్లత్వం పెరిగేకొద్దీ దాని ఋణావేశం తగ్గి, ధనావేశం పెరుగుతుంది. అటువంటి నేలలు భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి కనుక ఎరువు వేసినా పైరుకు అందేది కొంతే.

ఆమ్ల నేలలలో ఆమ్లత్వానికి కారణం హైడ్రోజన్ అయానా, అల్యూమినియమా అన్నది 1930లలో పెద్ద వివాదం. ముఖర్జీ, ఆయన శిష్యులు హైడ్రోజన్ బంకమట్టిని తయారుచేసి వేర్వేరు క్షారాలతో, లవణాలతో పరీక్షించారు. వాడిన లవణాన్ని బట్టి ఫలితం మారింది. తటస్థ లవణాలు కలిపినప్పుడు ఆమ్లంతో పాటు అల్యూమినియం కూడా వెలువడింది. హైడ్రోజన్ బంకమట్టి క్రమంగా తనంతట తానే అల్యూమినియం బంకమట్టిగా మారుతుందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. ఆమ్ల నేలకు ఎంత సున్నం వేయాలో లెక్కించడానికి ఈ అవగాహన అవసరం.

పదవులు, పురస్కారాలు

ఈయన 1924లో ఏర్పడిన ఇండియన్ కెమికల్ సొసైటీ, 1934లో ఏర్పడిన భారత నేల శాస్త్ర సంఘం స్థాపనలో ప్రధాన పాత్ర వహించాడు. 1945లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థకు సంచాలకుడయ్యాడు. 1964లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1983లో తన 90వ యేట మరణించాడు.